పుట్టినింటి సొత్తు

కన్య నిచ్చునపుడును గొనునపుడును వంశమును విచారింపవలెనని మన పెద్దలు చెప్పిరి. మనుస్మృతి తృతీయాధ్యాయమున, గోధనధాన్యములు ఎంత సమృద్ధిగా నున్నను సంబంధమునకు విడువవలసిన కులములు పది యని చెప్పబడినది. ఆ పదింటిలో సగమునకు మించి రోగములను బట్టి విడువబడినవే: మూలవ్యాధి, క్షయ, అజీర్ణరోగము, అపస్మారము, బొల్లి, కుష్ఠము. పండ్రెండవ యేట మా తాతగారి యొద్ద ఈ భాగము చదువుకొన్నపుడు నాకెట్టి సందేహమును గలుగలేదు. రోగము గల యింటి పిల్లను ఎవరు కోరి చేసికొందురు? పెద్దదాననైన పిమ్మట దెలిసినది, కుష్ఠక్రిమిని 1873లో హాన్సెనును, క్షయక్రిమిని 1882లో కోఖును కనుగొనిరని. ఆ రెండు వ్యాధులును అంటువలన వచ్చునవే గాని తల్లిదండ్రుల నుండి సంతతికి రక్తమున దిగివచ్చునవి కావు. ఎన్ని వందల యేండ్లు ఎందఱు కన్యలు లేని దోషమునకు దండన ననుభవించిరో యెవరు లెక్కింపగలరు?

ఇపుడు కాలము మాఱినది. నిజముగనే రక్తమున దిగివచ్చు వ్యాధులేవియో, అవి యెవరియందు పొంచియున్నవో, చిన్న గాజుగొట్టమెడు నెత్తురును బట్టి చెప్పగలుగుచున్నారు. మనువు పట్టికలో తప్పులుండెను; ఈ పట్టికలో అంత తప్పులు లేవు. కావుననే దీనికి నేను మఱింత భయపడితిని.

సోదరీమణులారా, ఈ వ్యాసమునకు నా పేరు ప్రకటింపకుండుటకు సంపాదకులవారు దయతో సమ్మతించిరి. దాపరికమును గూర్చి వ్రాయుచు తానే పేరు దాచుకొనుచున్నదని మీరు నవ్వుదురేమో. నవ్వినను సరియే. ఆ పేరు నా యొక్కదానిది కాదు. దాని వెనుక మఱి నలుగురు ఆడువారున్నారు.

మా అమ్మ 46వ యేట రొమ్మున రాచపుండు పుట్టి, రెండేండ్లు బాధపడి పోయినది. నాకు అప్పటికి పెండ్లియై పిల్ల పుట్టినది. మా చెల్లెలు పదియాఱేండ్లది. మా నాయనగారు వీధిలో అడిగినవారికందఱికిని కాలేయపు జబ్బని చెప్పెడివారు. అమ్మ ఆ మాటను నిలుపుటకై ఎండకాలమున గూడ భుజములనిండ శాలువ కప్పుకొని వాకిట గూర్చుండెడిది. అయినను సంగతి పొక్కినది. దూరపు బంధువొకామె మా యింట కాఫీ త్రాగుట మానెను. కేన్సరు అంటువ్యాధి కాదని ఆమెకు మా వారు ఎంత చెప్పినను, 'అవును నాయనా, నాకు తెలియదా' అనుచునే గ్లాసు ముట్టక వెళ్లెడిది. ఇది పదేండ్ల నాటి మాట. నూఱేండ్ల నాటిది కాదు.

అటుపిమ్మట మూడేండ్ల క్రిందట మా పెద్దమ్మ అండాశయపు కేన్సరుతో పోయినది. ఆమె కుమార్తె, మా అక్క, అమెరికాలో నున్నది. అక్కడి డాక్టరు ఆమె తల్లి మరణమును, పినతల్లి మరణమును విని, జన్యుపరీక్ష చేయించెను. బి.ఆర్.సి.ఏ.-1 అను జన్యువునందు దోషమున్నదని తేలినది. అక్క నాకు ఫోనులో చెప్పిన మాట ఇది: 'ఇది మన అమ్మమ్మ వైపు సొత్తు. నా వంతు నాకు ముట్టినది. నీవును చెల్లియు మీ వంతు వచ్చినదో లేదో చూచుకొనవలెను.'

జన్యువనగా నేమని నేను డాక్టరమ్మ నడిగితిని. ఆమె చెప్పినదానిని నాకు దెలిసిన చదువులోనికి మార్చుకొంటిని. తాళపత్రగ్రంథములను లేఖకులు ఒకదాని జూచి ఒకటి వ్రాయుచుండ, ఒకచోట అక్షరము జారును; ఆ ప్రతిని జూచి వ్రాసిన ప్రతులన్నింటను ఆ లోపము దిగును. మన దేహకణములు రెండుగా చీలునపుడెల్ల వాని లోని వ్రాతయంతయు మరల నకలు చేయబడుచుండును. తప్పులు పడుచునే యుండును. వానిని దిద్దు పరిష్కర్తలును లోపలనే యున్నారు. బి.ఆర్.సి.ఏ. జన్యువులు అట్టి పరిష్కర్తలకు జేరినవి. అవి అందఱియందును, మగవారియందు గూడ, ఉన్నవి. తల్లి యిచ్చినదొకటి, తండ్రి యిచ్చినదొకటి, రెండేసి ప్రతులు. ఒక ప్రతి పుట్టుకతోనే చెడిపోయినవారికి రెండవది పనిచేయుచుండును. ఏదో యొక కణమున అదియు చెడినచో దిద్దువారు లేక తప్పులు పేరుకొని పుండు పుట్టును. ఈ దోషము గల ఆడువారిలో నూటికి అఱువదిమందికి పైగా జీవితకాలమున రొమ్ము కేన్సరు వచ్చుననియు, బి.ఆర్.సి.ఏ.-1 విషయమున 39 మొదలు 58 మంది వఱకు అండాశయపు కేన్సరు రావచ్చుననియు లెక్క వేసిరి. ఇట్టి జన్యువొకటి పదునేడవ క్రోమోజోము పైన నున్నదని 1990లో మేరీ క్లెయిర్ కింగ్ అను విదుషి చూపెను. 1994లో అది చేతికి జిక్కినది. వంశమున దిగు రొమ్ము కేన్సరు అన్నది యొకటి యుండునన్న మాటనే ఆ దినములలో పలువురు నమ్మలేదట.

దోషము గలవారి ప్రతి బిడ్డకును, కొడుకైనను కూతురైనను, అది వచ్చు సంభావ్యత సగము. మా వారు లెక్కల మాస్టరు. నేను నాణెమెగురవేసినట్లే గదా యంటిని. ఆయన కొంతసేపూరకుండి, 'కాదు. నాణెము నీవు పుట్టకముందే పడిపోయినది. దానిపై చేయి మూసియున్నది. చేయి తీయుదువా లేదా అన్నదే ఇపుడు ప్రశ్న' అనిరి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చేయి తీయుటకు నాకు శాస్త్రమువలన భయము లేదు. మనుష్యులవలన గలిగినది. మా చెల్లెలికి కాకినాడ సంబంధమొకటి మాటలలో నుండెను. నాయనగారు ఫోను చేసి, 'ఆ కాగితము మన యింటికి రానీయకమ్మా. చిన్నదాని పెండ్లి కానీ. ఆపైన నీ యిష్టము' అనిరి. ఆయన కఠినుడు కాడు. అమ్మను రెండేండ్లు తన చేతులతో సాకినవాడు. భార్య పోయిన నాటినుండి ఆయనకు మిగిలిన కార్యమొక్కటే, చిన్నకూతురిని ఒక యింట చేర్చుట. వ్యాధి ఎన్నడో రావచ్చును, రాకపోవచ్చును; సంబంధము మాత్రము రేపే తప్పిపోవును. ఆ తూకములో ఆయన యేది బరువుగా దలచెనో నాకు తెలిసినది.

ఇట్టి భయము మన నేల మీద మాత్రమే పుట్టినది కాదు. గ్రీసు దేశమున ఆర్కోమెనోసు అను నూరు కలదు. అచ్చట సికిల్‌సెల్ అను రక్తవ్యాధి యొక్క బీజము పలువురిలో నుండెను. ఈ బీజము ఒక్కటి గలవారు ఆరోగ్యవంతులే. ఇరువురు బీజవాహకులు పెండ్లాడినపుడు మాత్రము ప్రతి కాన్పున నాల్గింట నొకవంతు వ్యాధిగ్రస్తుడైన బిడ్డ కలుగవచ్చును. కావున డాక్టర్లు ఊరివారికి రక్తము పరీక్షించి, వాహకులు వాహకులను చేసికొనవలదని బోధించిరి. కొన్నేండ్లకు, 1970 తరువాతి దశాబ్దమున, మరల వచ్చి చూడగా జరిగినదేమి? వాహకుల యింటి పిల్లలకు చెడ్డ పేరు వచ్చినది. పెండ్లిమాటలలో కొందఱు సంగతి దాచిరి. వాహకునికి వాహకుడు కాని వరుడు దొరకుట కష్టమై, తుదకు వాహకులకును వాహకులకును జరిగిన పెండ్లిండ్లు మునుపటివలెనే యుండెను. వైద్యము తెచ్చిన మేలు కానరాలేదు; మైల మాత్రము మిగిలినది.

అదే సముద్రమున సైప్రసు ద్వీపము వేఱు కథ చెప్పును. అచ్చట ఏడుగురిలో ఒకరు తలసీమియా వాహకులు. ఇంటింటను నుండుటచే నది యొక కులమునకో వాడకో కళంకము కాలేదు. 1980 తరువాత అచ్చటి క్రైస్తవమఠము పెండ్లికి ముందు ఇరువురును పరీక్ష చేయించుకొన్నట్లు పత్రము చూపవలెనని కోరినది. ఫలితము బాగుండవలెనని కోరలేదు, తెలిసికొనియుండవలెనని మాత్రమే కోరినది. వ్యాధితో పుట్టు బిడ్డలు దాదాపు లేకపోయిరి. రెండు చోట్లను నెత్తురు పరీక్ష యొక్కటే. పెండ్లికి వచ్చినవారి చూపులు మాత్రము వేఱు.

మన దేశమున 2023 జూలై 1వ తేదీని సికిల్‌సెల్ నిర్మూలన ప్రణాళిక నారంభించి, 2047 నాటికి ఈ వ్యాధిని తొలగింపవలెనని నిశ్చయించిరి. నలువదేండ్లలోపు వారిని ఏడుకోట్ల మందిని పరీక్షించి కార్డులిచ్చుట ఆ పని. మన రెండు తెలుగు రాష్ట్రముల గిరిజన ప్రాంతములును అందు జేరియున్నవి. జాతకములకు బదులు కార్డులు చూచుకొనుడని వారికి చెప్పుచున్నారు. మంచి మాటయే. ఆ కార్డు చేతబట్టుకొన్న కొండపిల్లను మన మైదానపు టిండ్లవారము ఏ కంట జూతుమో గాని, అది ఆర్కోమెనోసు కన్ను కాకుండుగాక.

అమెరికాలో ఈ సికిల్‌సెల్ పరీక్షలే 1970 తరువాత నల్లవారికి ఉరియైనవి. ఆరోగ్యవంతులైన వాహకులకు సైతము కొందఱు కొలువు లీయలేదు, బీమా లీయలేదు; వైమానికదళ కళాశాల 1981 వఱకు వారిని చేర్చుకొనలేదు. ఆ యనుభవముల పిమ్మట, జన్యువును బట్టి ఆరోగ్యబీమాలోను ఉద్యోగములోను భేదము చూపరాదను బిల్లును 1995లో లూయీ స్లాటర్ అను మహిళాసభ్యురాలు ప్రవేశపెట్టగా, అది శాసనమగుటకు 2008 వఱకు పట్టినది. పదుమూడేండ్లు! అందును ఆయుర్బీమాను వదలివేసిరి. మా అక్క ఆ దేశమున ఉద్యోగమునకు భయపడలేదు గాని, ఆయుర్బీమా దరఖాస్తును మాత్రము పరీక్షకు ముందే పంపినది. కెనడా 2017లో చేసిన శాసనము ఇంతకంటె విశాలమైనది.

మన దేశమున ఇట్టి ప్రత్యేకశాసనము లేదు. ఉన్నది యేమనగా, 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ఒక తీర్పు చెప్పినది. వంశపారంపర్యమైన గుండెజబ్బు గల యొకాయనకు, 'జన్యులోపములు మినహాయింపు' అన్న పాలసీ షరతును జూపి బీమా కంపెనీ సొమ్ము నిరాకరించెను. అట్టి విశాలమైన మినహాయింపు రాజ్యాంగము పదునాల్గవ అధికరణము చెప్పు సమానత్వమునకు విరుద్ధమని న్యాయమూర్తి ప్రతిభా సింగ్ గారు నిర్ణయించిరి. మఱుసటి నెలలోనే బీమా నియంత్రణ సంస్థవారు, ఆరోగ్యబీమాలో జన్యులోపములను కారణముగా జూపి సొమ్ము నిరాకరింపరాదని కంపెనీలకు వ్రాసిరి. ఈ సంగతి మన యిండ్లలో నెంతమందికి తెలియునో! చీర అంచు ఏ యేడు మాఱినదో మనకు దెలియును. (నాకును దెలియును, కోపగింపకుడు.)

మా యూరి బీమా ఏజెంటు మాత్రము మా వారితో చెవిలో చెప్పినట్లు చెప్పెను: 'పరీక్షకు ముందు పాలసీ తీసికొనుడు మాస్టారూ. అమ్మగారి తల్లి మరణకారణము దగ్గఱ వార్ధక్యమని వ్రాయుదము.' నలువదియెనిమిదేండ్లకు వార్ధక్యము! దరఖాస్తులో తల్లి మరణవయస్సును గూడ వ్రాయవలసిన గడి యున్నదని ఆ మహానుభావుడు మఱచెను. మా వారు ఉన్నది ఉన్నట్లు వ్రాసిరి. కంపెనీవారు కొంత రుసుము హెచ్చించిరి; ఇచ్చితిమి. దరఖాస్తు పంపునాటికి పరీక్ష జరుగలేదు గనుక ఆ మాట వ్రాయవలసిన పని లేకపోయినది. కాగితము తెచ్చుకొనుటకు ముందు ఇంటి లెక్క సరిచూచుకొనుట అబద్ధము కాదు. అడిగినదానికి అబద్ధము వ్రాసినచో, రేపు నేను పోయిన పిమ్మట నా పిల్లలకు రావలసిన సొమ్మును ఆ యబద్ధమే మ్రింగివేయును.

మహాభారతమున సావిత్రి కథను మీరందఱును ఎఱుగుదురు. నోములలో విందుము గనుక ఆమె యమునితో వాదించిన ఘట్టమే మనకు గుర్తుండును. నాకు ఈ దినములలో గుర్తు వచ్చినది దానికి పూర్వకథ. సత్యవంతుడు ఏడాదిలో మరణించునని నారదుడు చెప్పినపుడు తండ్రి యింకొకని వరించుమనెను; ఆమె వినలేదు. తెలిసి వరించినది. అటుపిమ్మట నా యేడాది ఆ గుట్టును అత్తమామలకు గాని భర్తకు గాని చెప్పక, దినములు లెక్కించుకొనుచు కాపురము చేసినది. అన్నము వడ్డించుచు, కట్టెలు పేర్చుచు, ఆ తేదీని కడుపులో మోసినది. ఆ మోయుట ఎంత బరువో ఎవరును వర్ణింపరు. కాని నాలుగు దినములున్నదనగా మూడు రాత్రుల వ్రతము పట్టుటకును, ఆనాడు భర్త వెంట అడవికి బోవుటకును ఆమెకు వీలైనది తెలిసియుండుటచేతనే గదా!

తెలిసి యేమియు చేయజాలని వ్యాధులును గలవు. హంటింగ్టన్ వ్యాధి అట్టిది. అమెరికాలో నాన్సీ వెక్స్లర్ అను శాస్త్రజ్ఞురాలి తల్లికి ఆ జబ్బు వచ్చినది. కూతురికి వచ్చు సంభావ్యత సగము. ఆమె వెనిజులాలోని మారకైబో సరస్తీరమున ఆ వ్యాధి దట్టముగ నున్న గ్రామములకు ఏటేట బోయి, వంశవృక్షములు గీసి, నెత్తురు సేకరించినది. అందువలన 1983లో ఆ జన్యువు జాడయు, 1993లో జన్యువును దొరకినవి. పరీక్ష సిద్ధమయ్యెను. తాను చేయించుకొనెనో లేదో ఎవరడిగినను ఆమె చెప్పలేదు. తనకు ఆ వ్యాధి యున్నదని 2020లో లోకమునకు వెల్లడించినది. ఆ వంశములవారిలో అధికసంఖ్యాకులు నేటికిని పరీక్ష చేయించుకొనకయే యున్నారు. వారిని పిఱికివారనుటకు నాకు నోరు రాదు. నారదుడు తేదీ మాత్రము చెప్పి వ్రతమేదియు చెప్పకపోయినచో వినకుండుటయే మేలని సావిత్రి తలచియుండదా?

నా విషయమున వ్రతము కలదు. ఏటేట ఎం.ఆర్.ఐ., మామోగ్రాము తీయించుకొని పుండును గింజగా నున్నపుడే పట్టవచ్చును. పిల్లలు కలిగిన పిమ్మట, 35 మొదలు 40 ఏండ్లలోపున అండాశయములను తీయించుకొనవచ్చును. కొందఱు రొమ్ములనే ముందుగా తీయించుకొందురు. ఏంజెలీనా జోలీ అను నటి 2013లో అట్లు చేసి పత్రికకు తానే వ్రాసెను. ఇంత యున్నపుడు చేయి మూసియుంచుట నాకు న్యాయముగా దోచలేదు. మా అత్తగారితో చెప్పితిని. వత్తులు చేసికొనుచున్న ఆమె తల యెత్తకయే, 'జాతకములో గండమున్నదన్న శాంతి చేయించుకొనమా? పోయి చేయించుకో' అన్నది. అమ్మ జబ్బుగా నున్నపుడు ఆమె మా పుట్టింట మూడు నెలలుండి వంట చేసిన మనిషి. నేను భయపడినది ఆమెకు గాదు, ఆమె వంటిది కాని అత్తగారికి. అట్టివారు మా చెల్లెలికి తటస్థింపవచ్చును గదా.

హైదరాబాదున సలహాదారిణి యొకతె నన్ను గూర్చుండబెట్టి, గుండ్రములును చదరములును గీసి మా వంశమును వ్రాసినది. తద్దినమునాడు మనము తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పుదుము. ఈమె అమ్మ, అమ్మమ్మ, ఆమె తోబుట్టువులు ఏ జబ్బుతో పోయిరని యడిగినది. మూడు తరముల మగవారి పేర్లు నాకు కంఠస్థము. మా అమ్మమ్మ చెల్లెలు ముప్పదియెనిమిదవ యేట 'కడుపు ఉబ్బి' పోయినదని తప్ప, ఆమె పేరే నాకు తెలియదు. అక్కడ ఆ గుండ్రము ఖాళీగా నున్నది.

ఫలితము మూడు విధములుగా రావచ్చుననియు, దోషము కలదు, లేదు, అర్థము తెలియని మార్పు అనియు, మన దేశపు జనుల జన్యువులు చాలినంతగా పరిశీలింపబడలేదు గనుక ఆ మూడవది మనవారికి ఎక్కువగా వచ్చుననియు ఆమె చెప్పినది. అక్క కాగితముండుటచే నా విషయమున ఆ చిక్కు లేదు. ఆ యొక్క అక్షరమును చూచిన చాలును. మూడు వారములకు తెలిసినది. ఉన్నది.

ఏడ్చితిననుట యబద్ధము. ఇంటికి వచ్చి పప్పు పొయ్యిమీద వేసితిని. ఏడ్చుట తరువాత వచ్చినది, పిల్ల జడ వేయుచుండగా. దానికి పదేండ్లు. పెద్దలకు వచ్చు ఇట్టి వ్యాధులకై చిన్నపిల్లలకు పరీక్ష చేయరు. యుక్తవయస్సు వచ్చి తానే నిర్ణయించుకొనవలెను. అది మంచి నియమము. దాని అరచేతిని నేను తీయరాదు.

చెల్లెలితో ముఖాముఖి చెప్పితిని. అది యంతయు విని, 'అక్కా, నీ కాగితము నీది. దానిని చూచి నన్ను చదువకు' అన్నది. పరీక్ష ఇప్పుడు చేయించుకొననన్నది. కాని అమ్మ యెట్లు పోయినదో, అక్కకేమి తేలినదో దాచి మాత్రము పెండ్లి చేసికొననని, కాకినాడ అబ్బాయికి తానే ఫోను చేసి చెప్పినది. నాయనగారు రెండు దినములు ఎవరితోను మాటలాడలేదు. ఆ యబ్బాయి వారము గడువడిగెను. వారము నిండినది, అతని తల్లి, ముహూర్తము సంగతి శ్రావణము పోయిన పిమ్మట చూతమని కబురంపినది. అది మర్యాదగా చెప్పిన 'కాదు' అని నాయనగారి యభిప్రాయము. చెల్లెలు ఆషాఢములో నెట్లును పెండ్లిండ్లు లేవు గదా యని నవ్వుచున్నది. అబ్బాయి ఆమెతో ఇప్పటికిని మాటలాడుచునే యున్నాడని నాకు తెలియును.

నా శస్త్రచికిత్స వచ్చే వేసవి సెలవులలో, మా వారి బడి మూసిన పిమ్మట. మొదటి ఎం.ఆర్.ఐ. అయినది, ఏమియు లేదు.

ఇక మిగిలినది మేనమామ గారి యిల్లు. ఈ దోషము మగవారి ద్వారమున గూడ దిగును; గోత్రము మాఱినను అడ్డగింపదు. మామయ్యకు రాజమహేంద్రవరములో ఇద్దఱు కుమార్తెలు. డాక్టరమ్మ యిచ్చిన కుటుంబలేఖ నకళ్లను ఇద్దఱికిని వేఱువేఱు కవరులలో పంపితిని. పెద్దది నాలుగవ దినముననే లేబరేటరీ చిరునామా యడిగినది. చిన్నదాని యొద్దనుండి జవాబు లేదు. కవరు చేరినదని తపాలావారి చీటీ మాత్రము వచ్చినది. నేను మరల నడుగను.

— ఒక సోదరి